ముప్ఫై ఆరుకీ డెబ్భైకీ మధ్య

మా ఊళ్ళో ఎవరి గేలానికైనా పెద్ద చేప పడితే పక్కవాళ్ళు వచ్చి పరామర్శిస్తారు. భుజం తట్టి, పోనీలే, రేపు చిన్నది పడుతుందని ధైర్యం చెబుతారు. చేప పడినవాడు తల వంచుకుని సరేనంటాడు. బయటి ఊళ్ళవాళ్ళకి ఇది వింతగా ఉంటుంది గానీ, గానెట్ ఇన్‌లెట్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మా ఊరు. పోటు వస్తే ఉప్పునీళ్ళు ఇళ్ళ వెనక్కి వస్తాయి, పాటు తీస్తే ఇసుక బయటపడుతుంది. ఆ ఇసుకలో ఒళ్ళంతా పూడ్చుకుని, కళ్ళు మాత్రం బయట పెట్టి, దగ్గరికొచ్చినదాన్నల్లా మింగడానికి కాచుకుని ఉంటుంది ఫ్లాట్‌హెడ్ చేప. పోటుపాట్లున్న నీళ్ళలో దాన్ని పట్టడానికి నియమాలున్నాయి. ముప్ఫై ఆరు సెంటీమీటర్లకి తక్కువైతే అది పిల్ల, వదిలెయ్యాలి. డెబ్భైకి మించితే అది గుడ్లు పెట్టే తల్లి, అదీ వదిలెయ్యాలి. మధ్యలోవి మాత్రమే ఇంటికి తెచ్చుకోవాలి, అవి కూడా మనిషికి రోజుకి అయిదు.

పరామర్శలు ఊరందరికంటే ఎక్కువగా అందుకున్నవాడు మా పక్కింటి నెవిల్ ట్రెంబాత్. ఆయన గేలానికి తల్లులు తప్ప పడేవి కావు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వేలెడంత పిల్ల పడేది. ముప్ఫై ఆరుకీ డెబ్భైకీ మధ్య ఉన్న చేపలకీ ఆయనకీ పరిచయమే లేదు. జీవితమంతా చేపలు పడుతూ, దుకాణంలో చేప ముక్కలు కొనుక్కుని తిన్న మనిషి ఆయన.

పోనీ నియమాలు పట్టించుకోని మనిషా అంటే, అంతకంటే పట్టించుకునేవాడు ఈ తీరం పొడుగునా ఉండడు. బడి ముందు ఎర్ర పలక ఎత్తి పట్టుకుని, కార్లని ఆపి పిల్లల్ని రోడ్డు దాటించడం ఆయన ఉద్యోగం. నన్నూ ఆయనే దాటించాడు. అవతలి పక్క కార్లేవీ లేకపోయినా పలక ఎత్తకుండా ఒక్క పిల్లని కదలనిచ్చేవాడు కాదు. తర్వాత అక్కడ సిగ్నల్ దీపాలు పెట్టారు, ఆయన్ని ఇంటికి పంపేశారు. అప్పట్నుంచీ చేపల శాఖవాళ్ళకి జీతం లేని సహాయకుడిగా చేరి, పర్యాటకులకి కొలత స్టిక్కర్లు పంచడం మొదలుపెట్టాడు. తన రేకు పడవకీ, ఎర డబ్బాకీ, ఇంటి గేటుకీ కూడా ఆ స్టిక్కర్లు అంటించాడు. పిల్లిని కూడా కొలిచాడని, అది నలభై ఆరొచ్చింది కాబట్టే ఇంట్లో ఉంచుకున్నామని ఆయన భార్య గ్వెండా చెప్పేది.

పడిన తల్లి చేపని ఆయన వదిలే పద్ధతి చూడ్డానికి జనం వచ్చేవారు. ముందు చేతులు తడుపుకునేవాడు. దాన్ని నీళ్ళలోంచి పైకెత్తకుండా చేతి వలలోనే ఉంచి గేలం తీసేవాడు. తర్వాత ఇంటి వెనక జెట్టీ మెట్లు దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, దాని మూతిని నీటి వాలుకి ఎదురుగా తిప్పి పట్టుకునేవాడు. అది తేరుకుని తోక విదిలించి వెళ్ళిపోయేదాకా అలాగే ఉండేవాడు. వెళ్ళాక, డబ్బాలో మిగిలిన ఎర చేపలన్నీ దాని వెనకాలే నీళ్ళలో కుమ్మరించేవాడు.

ఎందుకంటే, మా ఊళ్ళో ఓడినవాడు గెలిచినవాడికి ఒక రౌండు బీరు కొనిపెట్టాలి. బాణాల ఆటలోనైనా, పేకాటలోనైనా, ఊరికే వాదించుకున్నా సరే. కొనిపెట్టకుండా లేచిపోయినవాడితో మర్నాడు ఎవరూ మాట్లాడరు. తల్లి చేపకీ తనకీ జరిగినది పోటీయేనని, అందులో తను ఓడిపోయాడని, చేప అయినంత మాత్రాన దాని రౌండు ఎగ్గొట్టడం మర్యాద కాదని నెవిల్ ఉద్దేశం. ఇందులో తప్పు ఎవరికీ కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

*

గొడవ క్లబ్బు వల్ల వచ్చింది. నీళ్ళ ఒడ్డున, సగం నేల మీదా సగం స్తంభాల మీదా ఉంటుంది మా చేపల క్లబ్బు. శుక్రవారం సాయంత్రం ఊరంతా అక్కడే. బీరు చవక, వేపుడు చిప్స్ మీద గ్రేవీ ధారాళంగా పోస్తారు, మాంసం పొట్లాలు బహుమతిగా లాటరీ తీస్తారు. నీళ్ళ వైపు కిటికీ దగ్గరి బల్ల నెవిల్‌దీ, గ్వెండాదీ, క్లబ్బు కార్యదర్శి లెస్టర్ హాప్‌గుడ్‌దీ. ఉద్యోగం పోయాక నెవిల్‌కి వారంలో మిగిలిన రోజు అదొక్కటే. సోమవారం నుంచీ ఆయన శుక్రవారం వైపు నడుస్తూ ఉండేవాడు.

ఇనుప సామాన్ల దుకాణం నడిపి మానేసిన లెస్టర్‌కి ఒకప్పుడు ఒక బాధ పట్టుకుంది. చేపల క్లబ్బులో చేపకి తోక ఎటుంటుందో తెలియనివాళ్ళు చేరిపోతున్నారని, అంతా బీరు కోసమేనని. అందుకని ఒక నియమం ప్రతిపాదించాడు. అయిదేళ్ళకొకసారైనా, కొలతకి సరిపడే చేప ఒకటి స్వయంగా పట్టి, క్లబ్బులోని ఇత్తడి గుర్తుల కొలబల్ల మీద పెట్టని సభ్యుడు సభ్యుడు కాదు. బలపరిచేవాళ్ళు ఎవరని అడిగితే నెవిల్ చెయ్యి ఎత్తాడు. నియమం అన్న మాట వినబడితే ఆ చెయ్యి దానంతటదే లేచేది. ఏళ్ళ తరబడి ఎర్ర పలక ఎత్తిన చెయ్యి మరి.

అయిదేళ్ళూ అయిపోయాయి. అక్టోబరులో ఒకరోజు లెస్టర్ నెవిల్ వాళ్ళ వంటింట్లోకి వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడట. లెస్టర్ నిలబడితే అది కార్యదర్శి హోదాలో వచ్చినట్టు.

"నెవ్, నువ్వు కొలబల్ల మీద చేప పెట్టి ఎంతకాలమైందిరా?"

"పెట్టలేదు."

"అదే, ఎంతకాలంగా పెట్టలేదని."

"ఎప్పుడూ పెట్టలేదు, లెస్."

నవంబరు ఆఖరి ఆదివారం వార్షిక సమావేశమని, ఆలోపు ఒక్కటంటే ఒక్కటి చాలునని, అది ముప్ఫై ఆరున్నర ఉన్నా ఫరవాలేదని లెస్టర్ బతిమాలుతున్నట్టే చెప్పాడు. గ్వెండా కూరగాయలు తరుగుతూ, దానికింత గొడవెందుకు, నేను సభ్యురాలినే కదా, ప్రతి శుక్రవారం ఇతన్ని నా అతిథిగా తీసుకొస్తానంది.

"అయిదు కిలోమీటర్ల లోపు ఇల్లున్నవాళ్ళు అతిథులు కారు, గ్వెండా. సొంత ఊరికి ఎవరైనా అతిథి ఎలా అవుతారు?"

"ఆ నియమం ఎవడు పెట్టాడు?"

"నేనే ప్రతిపాదించా."

"బలపరిచిందెవరు?"

ఇద్దరూ కలిసి నెవిల్ వైపు చూశారు. ఆయన పిల్లి వైపు చూశాడు.

అంటే, చేప పడకపోతే నెవిల్ క్లబ్బులోకి సభ్యుడిగా వెళ్ళలేడు, అతిథిగానూ వెళ్ళలేడు. వెళ్ళాలంటే ఇల్లు అమ్ముకుని ఆరు కిలోమీటర్ల అవతలికి మారాలి. ఆ వారంలో ఆయన నిజంగానే అక్కడి ఇళ్ళు రెండు చూసొచ్చాడని తర్వాత తెలిసింది.

*

అక్కణ్ణుంచి నెల రోజులకి పైగా ఊరంతా నెవిల్ జెట్టీ మీదే ఉంది. చిన్న గేలం వాడమన్నారు. వాడితే దానికీ తల్లే పడింది. ఎర చేప బదులు రొయ్య ముక్క పెట్టమన్నారు. ఇంకా పెద్ద తల్లి పడింది. ఇంకొకరు బఠాణీ గింజ పెట్టి చూడమన్నారు. నెవిల్ పెట్టాడు. ఒక తల్లి బఠాణీ కోసం వచ్చి, గేలం దారం తెంపుకుని పోయింది. ప్రతిసారీ ఆయన చేతులు తడుపుకోవడం, మెట్లు దిగడం, నిలబడడం, రౌండు పోయడం. పరామర్శించి పరామర్శించి జనానికి మాటలు అయిపోయాయి.

చోటు మార్చమని కూడా చెప్పారు. ఆయన వినలేదు. మొగ మొత్తమ్మీద లోతైన గుంట తన జెట్టీ కిందే ఉందని, దాన్ని వదిలి ఇంకోచోట గేలం వెయ్యడమంటే సొంత వంటిల్లుండగా పక్కింట్లో అన్నం అడగడమేనని అనేవాడు.

పక్కింటి అన్నం మాట ఎలా ఉన్నా, గ్వెండా మాత్రం నాలుగిళ్ళ అవతల పిల్లకాలువ ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేత్తో దారం పట్టుకుని, కోడి తోలు ఎరగా వేసి, ఏ సాయంత్రం కావాలంటే ఆ సాయంత్రం రెండు సరైన చేపలు తెచ్చుకునేది. ఆవిడ రెండు ఫ్లాట్‌హెడ్‌లు వేయించుకుంటుంటే, నెవిల్ అదే పొయ్యి మీద దుకాణం చేప ముక్కలు వేయించుకునేవాడు. భార్య పట్టిన చేప తినడానికి నియమాలేవీ అడ్డం రావు. ఆయనకే మనసొప్పేది కాదు.

ఒకరోజు నేను కంచె పక్కన పుస్తకం పట్టుకుని కూర్చుని ఉండగా అటు నుంచి మాటలు వినిపించాయి. చేప తగిలాక దారం నీ చేతిలో పెడతాను, లాగి బల్ల మీద పెట్టు, అయిపోతుందని గ్వెండా అంటోంది.

"అది నీ చేప అవుతుంది."

"నేను నీ పెళ్ళాన్ని, నెవ్."

"అయితే మాత్రం? నీ అయిదు వేరు, నా అయిదు వేరు. ఈ లెక్కలో మొగుడూ పెళ్ళాం ఒకటి కాదు. ఇద్దరు వేరు వేరు మనుషులు."

"నలభై ఏళ్ళుగా నేను చెబుతున్నదీ అదే. నువ్వు అటూ, నేను ఇటూ. శుక్రవారం లోపల కూర్చుని నేను తింటా. నువ్వు కిటికీ బయట నిలబడి చూడు."

కిటికీ బయట నేల లేదని, అటు నీళ్ళేనని నెవిల్ మెల్లిగా గుర్తు చేశాడు.

*

సమావేశానికి ముందు రోజు, శనివారం ఉదయం, అది జరిగింది. పోటు నిండుగా ఉంది. జెట్టీ మీద సగం ఊరుంది. చేపల శాఖ అధికారిణి సెఫీనా తన పడవలో గస్తీకి వచ్చి, జనాన్ని చూసి ఆగింది. సమోవా దీవుల నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. పెద్దవాళ్ళందర్నీ అంకుల్ అని పిలుస్తుంది, నియమం తప్పితే ఆ అంకుల్‌కే జరిమానా వేస్తుంది.

నెవిల్ గేలం కర్ర కదిలింది. ఎప్పటిలా విల్లులా వంగలేదు, కొస మాత్రం టకటకమని ఊగింది. ఆయన మొహం తెల్లబడిపోయింది. మెల్లగా చుట్టాడు. నీళ్ళలో పైకొస్తున్నది కనబడగానే ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. నలభై ఉంటుంది. సన్నగా, ముచ్చటగా, చట్టం అచ్చుపోసినట్టుంది. చేతి వల పట్టుకుని గ్వెండా వంగింది.

అప్పుడు దాని వెనకాల ఇసుక లేచింది. తొట్టెంత నోరొకటి తెరుచుకుని, ఆ నలభై సెంటీమీటర్ల చేపని తలవైపు నుంచి సగం దాకా మింగి, మూసుకుంది.

గ్వెండా వల దింపింది. వలలోకి రెండూ వచ్చాయి. చిన్నదాని తోక పెద్దదాని నోట్లోంచి బయటికి వేలాడుతోంది. పెద్దది కళ్ళు పైకి పెట్టి మా అందర్నీ చూస్తోంది. దానికి వదిలే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

లెస్టర్ క్లబ్బుకి పరిగెత్తి, గోడకి తగిలించిన కొలబల్ల తీసుకొచ్చాడు. తీరా తెచ్చాక, కొలవడం ఎలాగో ఎవరికీ అర్థం కాలేదు. చేపని మూతి కొస నుంచి తోక కొస దాకా కొలవాలి. చిన్నదాని మూతి పెద్దదాని పొట్టలో ఉంది.

"మూతి కనబడకుండా కొలత లేదు, అంకుల్," అంది సెఫీనా.

అయితే కనబడుతున్నంతవరకూ కొలిచి, లోపలున్నది అంచనా వేద్దామన్నాడు లెస్టర్. అంచనాలు కుదరవంది సెఫీనా. రెండింటినీ కలిపి ఒకటిగా కొలిస్తే మీటరు దాటుతుందని ఒకాయన లెక్క కట్టాడు. అసలు చిన్నదాన్ని పట్టిందెవరన్న ప్రశ్న కూడా వచ్చింది. నెవిల్ గేలం దాని పెదవికి ఉంది. కానీ చేప పెద్దదాని నోట్లో ఉంది. ఇద్దరూ ఒకేసారి పట్టినట్టేనని కొందరూ, మొదట నెవిల్ పట్టాడని కొందరూ వాదించుకున్నారు. ఈ పెద్దదాన్ని కూడా సభ్యురాలిగా రాసుకో లెస్టర్, కొలతకి సరిపడే చేప పట్టింది కదా అంది గ్వెండా.

సెఫీనా మోకాళ్ళ మీద కూర్చుని పెద్దదాన్ని చూసింది. "తొంభైకి తక్కువుండదు. కొలతకి మించింది, వెంటనే వదిలెయ్యాలి. నోరు పెగలదీస్తే దెబ్బ తగులుతుంది, అదీ కుదరదు. తనంతట తను వదిలితే చిన్నది మీదే."

నెవిల్ మెట్లు దిగి నీళ్ళలో నిలబడ్డాడు. వలని నీటి వాలుకి తిప్పి పట్టుకుని, తల్లీ, ఒక్కటే అడుగుతున్నానని చేపని బతిమాలాడు. పోటు ఆయన నడుముదాకా వచ్చింది. జెట్టీ మీద ఎవరూ మాట్లాడలేదు. చేప కూడా ఏమీ అనలేదు. ఆయన చాలాసేపు చూసి, జేబులోంచి చాకు తీసి, గేలం దారం కోసేసి, వల వంచాడు. రెండు చేపలూ ఒకటిగా వెళ్ళిపోయాయి.

తర్వాత ఎర డబ్బా అందుకుని, మిగిలిందంతా నీళ్ళలో పోశాడు.

నీళ్ళు మరిగినట్టయ్యాయి. ఇసుక రంగు తలలు, ఒకటి కాదు, జెట్టీ కింద ఎక్కడ చూస్తే అక్కడ లేచాయి. నోళ్ళు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. మాకిది కొత్త కాదు కాబట్టి మేమెవరం చూళ్ళేదు. సెఫీనా చూసింది.

"అంకుల్, ఇలా ఎప్పట్నుంచీ పోస్తున్నారు?"

"ఓడినప్పుడల్లా."

"ఎన్నిసార్లు ఓడారు?"

"రోజూ."

ఆమె టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంది. "మీరిక్కడ చేపలు పట్టడం లేదు, అంకుల్. మేపుతున్నారు. మొగలో ఉన్న తల్లులన్నీ మీ రౌండు కోసం ఈ గుంటలోనే కాపురం పెట్టాయి. చిన్నది ఏదైనా ఇటు తొంగి చూస్తే, మీకంటే ముందు అవి తినేస్తున్నాయి."

నెవిల్ ఖాళీ డబ్బాని చూసుకున్నాడు. "అలా పొయ్యకూడదని నియమం ఉందా?" అని అడిగాడు.

లేదంది సెఫీనా. ఆ మాటకి ఆయన మొహం వాడిపోయింది. ఆ ఒక్క నియమం ఉండి ఉంటే మొదటి రోజు నుంచే పాటించేవాడు, ఆయన బతుకు వేరేగా ఉండేది.

*

ఆదివారం సమావేశంలో లెస్టర్ విషయం చదివాడు. ఆ తర్వాత, ఈ నియమాన్ని ఈ ఒక్కసారికి పక్కన పెట్టవచ్చని, నియమం అమలు చెయ్యాల్సిందే అనేవాళ్ళుంటే చేతులెత్తమని అన్నాడు. ఎత్తొద్దని ఆయన మొహమే చెబుతోంది. బీరు ధర తగ్గించలేదని కోపంతో ఉన్న నలుగురైదుగురు ఎత్తారు. పక్కన పెడదాం అనేవాళ్ళు కూడా అంతమందే తేలారు. మిగతావాళ్ళు ఎటూ ఎత్తకుండా గ్లాసుల్లోకి చూసుకున్నారు. సరిసమానమైందని, కాబట్టి నియమం వీగిపోయినట్టేనని లెస్టర్ ప్రకటించబోతుండగా, కిటికీ పక్క నుంచి ఒక చెయ్యి నిటారుగా లేచింది.

"నెవ్, ఇది నీ గురించేరా," అన్నాడు లెస్టర్.

"తెలుసు."

"నువ్వు చెయ్యి దించితే చాలు."

"నియమం కదా, లెస్," అన్నాడు నెవిల్, తనకీ ఇష్టం లేనట్టుగా.

తనెత్తిన ఆ ఒక్క చేతితోనే ఆయన క్లబ్బు నుంచి బయటికొచ్చేశాడు. టోపీ పెట్టుకుని, తలుపు దగ్గర అలవాటుగా ఇద్దరు ముసలివాళ్ళని ముందు దాటనిచ్చి, వెళ్ళిపోయాడు.

ఆ వచ్చే శుక్రవారం గ్వెండా కిటికీ బల్ల దగ్గర లెస్టర్‌కి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ఉప్పూ మిరియాల డబ్బాలని చూసుకుంటూ కూర్చున్నారు. చిప్స్ చల్లారిపోయాయి. అప్పుడు కిటికీ బయట ఒక టోపీ కనబడింది. దాని కింద నెవిల్ ఉన్నాడు.

రేకు పడవలో వచ్చాడు. పోటు నిండుగా ఉండడంతో ఆయన కళ్ళు సరిగ్గా కిటికీ ఎత్తుకి వచ్చాయి. క్లబ్బు స్థలం పోటు గీతతో ఆఖరని, ఆ గీతకి అవతల పోటుపాట్ల నీళ్ళు అందరివీ అని సెఫీనాని అడిగి తెలుసుకున్నాడట. స్తంభం క్లబ్బుది కాబట్టి దానికి తాడు కట్టలేదు. తన లంగరే వేసుకున్నాడు. గ్వెండా పళ్ళెం కిటికీలోంచి బయటికి తోసింది.

"చిప్స్ చల్లారిపోయాయి."

"నాకు అలాగే ఇష్టం."

ఆ రోజు నుంచి మా శుక్రవారాలు మారిపోయాయి. పాటు తియ్యడం మొదలైతే నెవిల్ మాట మధ్యలో మెల్లిగా కిందికి దిగిపోయేవాడు. ముందు గడ్డం, తర్వాత ముక్కు, ఆఖరికి టోపీ మాయమయ్యేవి. మాట మాత్రం వినబడుతూనే ఉండేది. నిలువెత్తు కిందికి వెళ్ళాక గ్వెండా బకెట్‌కి తాడు కట్టి బీరు దింపేది. వినబడటం లేదని లెస్టర్ కిటికీలోంచి సగం బయటికి వేలాడి మాట్లాడేవాడు. రెండు వారాలు తిరక్కుండానే భోజనాల వేళని పోటు వేళకి మార్చారు. ఒక శుక్రవారం మధ్యాహ్నం నాలుగింటికే రాత్రి భోజనం పెట్టారు. వంటావిడ విసుక్కుంటే, చంద్రుడికి చెప్పుకోమన్నాడు లెస్టర్.

క్లబ్బులో అందరూ సర్దుకున్నారు, నెవిల్ తప్ప. ఒకసారి పాటు బాగా తీసినప్పుడు నేను కిటికీలోంచి కిందికి చూశాను. పైన లాటరీ అంకెలు చదువుతుంటే అందరూ నవ్వుతున్నారు. ఆయన పడవ అడుగున మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, పైకి చూస్తూ, తమాషా అర్థం కాకపోయినా ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు.

క్రిస్మస్‌కి ముందు శుక్రవారం భోజనాలకి జనం ఎక్కువై ఆలస్యమైంది. పోటు వెళ్ళిపోయింది. ఎండ ఇంకా ఉంది. గ్వెండా దింపిన పళ్ళెంలో నెవిల్ ఒక్క రొయ్య మిగుల్చుకున్నాడు. ఇంకో రొయ్యని మాత్రం, ఊరికే చేతులు ఖాళీగా ఉన్నాయని, గేలానికి గుచ్చి పడవ పక్కన వదిలాడు. అది గేలం వెయ్యడం కూడా కాదు, గోళ్ళు కొరుక్కోవడం లాంటిది.

దారం కదిలింది.

ఆయన లాగాడు. వెనకాల ఇసుక లేవలేదు. నోరేదీ తెరుచుకోలేదు. తల్లులన్నీ ఆయన జెట్టీ కింద రౌండు కోసం కాచుకుని ఉన్నాయి, క్లబ్బు కిటికీ కింద ఒక్కటీ లేదు. చేప పడవలోకి వచ్చి, అడుగున అంటించిన స్టిక్కరు మీదే పడి కొట్టుకుంది. నెవిల్ దాన్ని తడి తువ్వాలుతో అదిమి, ఒకసారి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. తర్వాత పైకి చూసి, అరవకుండా, మామూలుగా పిలిచాడు.

"గ్వెండా, లెస్టర్ ఉన్నాడా?"

కిటికీ నిండా తలలు వచ్చాయి. పైకి పంపించు, కొలబల్ల మీద పెడతామన్నారు ఎవరో. నెవిల్ తల అడ్డంగా ఊపాడు. క్లబ్బులో సభ్యుడి చేపే కొలవాలి, తను సభ్యుడు కాదు. సభ్యుడు కావాలంటే చేప కొలవాలి. అందరూ లెస్టర్ వైపు తిరిగారు. లెస్టర్ మొహం ఎర్రబడింది. నియమాలన్నీ మనసులో ఒకసారి తిప్పి చూసుకుంటున్నట్టు పెదవులు కదిపాడు. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, కొలబల్ల తీసి, బకెట్ తాడుకి కట్టి, కిటికీలోంచి కిందికి దింపడం మొదలుపెట్టాడు.

"బల్ల మీద చేప పెట్టాలని ఉంది. బల్ల ఎక్కడుండాలో లేదు," అన్నాడు ఎవరివైపూ చూడకుండా.

నెవిల్ చేప మూతి ఇత్తడి అంచుకి ఆనించి, తోక మెల్లిగా సర్దాడు. లెస్టర్ నడుం దాకా బయటికి వేలాడి చూశాడు. కాళ్ళు గ్వెండా పట్టుకుంది.

"యాభై రెండు," అన్నాడు లెస్టర్.

నెవిల్ బల్ల మీది చేపనే చూస్తున్నాడు. "దీన్ని ఎవరైనా బలపరచాలి కదా, లెస్?" అని అడిగాడు. అన్నాళ్ళూ ఆ పని చేసింది ఆయనే. ఆయన చేప కోసం ఇంకొకరు చెయ్యాల్సిన రోజు ఎప్పుడూ రాలేదు.

కిటికీలోంచి ఎన్ని చేతులు లేచాయో తెలీదు. ఒకదానికొకటి అడ్డం వచ్చి, వెనకవాళ్ళు కుర్చీలెక్కారు. బీరు ధర మీద కోపమున్నవాళ్ళు కూడా ఎత్తారు. గ్వెండా రెండు చేతులూ ఎత్తింది. దాంతో లెస్టర్ ఇంచుమించు నీళ్ళలో పడ్డాడు.

కిటికీ ఎక్కి రమ్మంటే నెవిల్ ఒప్పుకోలేదు. పడవ ఒడ్డుకి తోసుకుని, చేపా, తన పళ్ళెమూ పట్టుకుని చుట్టూ తిరిగి, ముందు తలుపులోంచి, టోపీ తీసి లోపలికి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. తన కుర్చీలో కూర్చుని, బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుని చూసుకున్నాడు. వంటావిడ విసుక్కోకుండా చేప వేయించి తెచ్చింది. జీవితంలో మొదటిసారి ఆయన తన చేప తినడం ఊరంతా చూసింది.

"ఎలా ఉంది?" అని అడిగింది గ్వెండా.

ఆయన చాలాసేపు నమిలాడు. "ఎముకలున్నాయి. దుకాణంవాటిలో ఉండవు."

తిన్నాక లేచి, పళ్ళెంలో మిగుల్చుకున్న ఆ ఒక్క రొయ్య పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. లెస్టర్ కుర్చీలోంచి సగం లేచాడు. గ్వెండా మొగుడి చొక్కా పట్టుకుంది. నెవిల్ వెనక్కి తిరిగి మా మొహాలు చూసి ఆశ్చర్యపోయాడు.

"ఎందుకలా చూస్తారు? ఈసారి ఓడింది అది," అని రొయ్యని తనే నోట్లో వేసుకుని, నీళ్ళని చూస్తూ నిలబడ్డాడు.